అమ్మ మాత్ర, అమ్మ బరువు

కొత్త మందుల చీటీలోని ఒక్క వరుస ఈ రాత్రి నన్ను నిద్రపోనివ్వడం లేదు. అమ్మ కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మళ్లీ పాత మోతాదులోనే, రోజుకు 400 మిల్లీగ్రాములు రాశారు. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదన్నది రెటీనాను, అంటే కంటి లోపల వెనుక వైపు చూపునిచ్చే పొరను, కాపాడుకోవడానికి పెట్టిన హద్దు. ఆ లెక్కన 400 వేసుకునే మనిషి 80 కిలోలైనా ఉండాలి. ఈ ఏడాది అమ్మ బాగా చిక్కిపోయింది. తూకం యంత్రం డాక్టరు గదిలోనే గోడవారగా ఉన్నా, ఎక్కమని ఆమెతో ఎవరూ అనలేదు. "చూపు బాగానే ఉంది కదమ్మా" అని అడిగి పంపేశారు.

ఆ ప్రశ్నే నాకు మింగుడుపడటం లేదు. ఈ మందు రెటీనా వెనుక పొరలోని మెలనిన్ అనే నల్లని రంగు పదార్థాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మొదట్లో చూపులో తేడా ఏమీ తెలియదు, తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు, మందు ఆపాక కూడా ఆ నష్టం ముదరవచ్చు.

పోయినసారి ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత మేర అందుతుందో చూసే పరీక్ష) నాడు అమ్మ గడ్డం ఆనించి, ఒక కన్ను మూయించుకుని, మధ్యనున్న వెలుగునే చూస్తూ, చుట్టూ మిణుకుమనే చుక్క కనబడినప్పుడల్లా నొక్కడానికి బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా బటన్ పట్టుకుని కూర్చుంది. "చుక్క కనబడకపోతే తప్పు నాదా, కంటిదా?" అని బెంగగా అడిగింది. దాదాపు సగం చుక్కలు మంచి చూపున్నవాళ్లకూ కనబడనంత మసకగానే వేస్తారని పరీక్ష చేసే అమ్మాయి ఓపికగా చెప్పాక గానీ ఆమె భుజాలు సడలలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి ఆ మందే మాన్పించాలనిపించింది. కానీ అది మొదలుపెట్టక ముందు పొద్దున్నే పిడికిలి బిగించలేక, జాకెట్టు హుక్కులు పెట్టమని నన్ను పిలిచిన అమ్మ గుర్తుకొచ్చింది. మోతాదు హద్దులో ఉంటే మొదటి 5 ఏళ్లలో రెటీనా దెబ్బతినే ముప్పు 1 శాతం లోపే, 10 ఏళ్ల వరకు 2 శాతం లోపే. కాబట్టి నా కోపం మందు మీద కాదు, తూచకుండా రాసిన చీటీ మీద.

రేపు అమ్మ బరువు చూసి డాక్టరుకు ఫోన్ చేస్తాను. కిడ్నీలు మందగిస్తే ఈ మందు ఒంట్లో పేరుకుంటుంది గనుక కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా అడగాలి. ఆసియా వాళ్లలో చాలామందికి నష్టం మాక్యులా (రెటీనా మధ్యభాగం) నడిమికి కాస్త దూరంలో మొదలవుతుంది కాబట్టి, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌తో పాటు ఈసారి ఫీల్డ్ టెస్ట్ మధ్యభాగానికే కాకుండా ఇంకా వెడల్పుగా చేయమని అడుగుతాను.