కలపని అన్నం

మన ఇళ్లలో అన్నం అంటే కలిపి పెట్టేదే. పప్పు, నెయ్యి, కాస్త కూర వేసి వేళ్లతో మెత్తగా కలిపి ముద్ద నోట్లో పెడితేనే బిడ్డకు కడుపు నిండా పెట్టినట్లు మనకు తృప్తి. ఆటిజం ఉన్న చాలామంది పసివాళ్లకు సరిగ్గా ఆ కలపడంతోనే ఇబ్బంది. మెత్తని అన్నం మధ్యలో ఆవగింజ ఎప్పుడు తగులుతుందో, టమాటా తొక్క నాలుకకు ఎప్పుడు అంటుకుంటుందో తెలియకపోవడం వల్ల, వాసననూ స్పర్శనూ మనకంటే తీవ్రంగా అనుభవించే పిల్లవాడు ప్రతి ముద్దకూ బెదురుతాడు. ఇంద్రియ స్పందనల్లోని ఈ తేడాను 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అదే ఏడాది వెలువడిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం, ఈ పిల్లల్లో తిండికి సంబంధించిన సమస్యలు తలెత్తే అవకాశం మిగతా పిల్లల కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. వారికి అందే కాల్షియం, ప్రొటీన్ కూడా తక్కువే.

న్యూజెర్సీలో పెరుగుతున్న, ఆటిజం ఉన్న మా అబ్బాయికి ఇడ్లీ ఇష్టం. తెల్లగా, గుండ్రంగా, ఎక్కడ కొరికినా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి వాడికి దాని మీద నమ్మకం. అయితే జనవరి చలికి పిండి సరిగా పొంగదు. ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా ఉంచినా కొన్ని రోజులు ఇడ్లీ బిళ్లలా గట్టిగా వస్తుంది. వాడు బొటనవేలితో మధ్యలో నొక్కి చూసి, ఎప్పటిలా మెత్తగా అణగకపోతే పళ్లెం పక్కకు నెట్టేస్తాడు. ప్యాకెట్‌లోని క్రాకర్ మాత్రం ఏ రోజు తెరిచినా అదే రుచి, అదే కరకర. ఈ పిల్లలు కొట్లో దొరికే తిండికి అలవాటుపడటానికి ఇది పెద్ద కారణం. "అమెరికా తిండి అలవాటు చేశారు" అని ఊరి నుంచి మాట పడే తల్లులకు ఈ సంగతి తెలియాలని నా కోరిక.

"ఒక పూట పస్తుంచమ్మా, ఆకలేస్తే వాడే తింటాడు" అని మా అత్తగారు వీడియో కాల్‌లో ప్రేమతోనే అన్నారు. మామూలు మారాం అయితే ఆ మాట కొంతవరకు పనిచేస్తుందేమో గానీ, ఈ పిల్లల్లో కొందరు నీరసించినా సరే భయపడే పదార్థాన్ని ముట్టుకోరు. ఫోన్ చూపిస్తూ తెలియకుండా నోట్లో పెట్టడం వల్ల ఆ పూట గడుస్తుంది తప్ప, తిండి మీద భయం పోదు.

ఫీడింగ్ థెరపిస్టు (పిల్లలకు తిండి అలవాటు చేయించే నిపుణురాలు) ఇచ్చిన కాగితాల్లో అన్నీ చికెన్ నగెట్స్, మాకరోనీలే. పద్ధతి మాత్రం మంచిది: పిల్లవాడు తినే పదార్థం నుంచి దానికి దగ్గరి పదార్థానికి చిన్న మెట్టు వేయాలి. ఇడ్లీతో మొదలుపెడదామని అడిగితే ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. ముందు బటన్ ఇడ్లీ, తర్వాత మందపాటి మెత్తని అట్టు, ఆ తర్వాత చిటికెడు రాగిపిండి కలిపిన ఇడ్లీ. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 700, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వారికి 1000 మిల్లీగ్రాములు కావాలి. రాగి ఇడ్లీని వేరే పళ్లెంలో, వాడు చూస్తుండగానే పెడతాను. నమ్మి తినేదాంట్లో రహస్యంగా ఏదైనా కలిపి దొరికిపోతే, వాడు ఆ ఒక్క పదార్థాన్నీ శాశ్వతంగా మానేసే ప్రమాదం ఉంది.

బరువు బాగానే ఉందని నిశ్చింతగా ఉండకూడదు. రెండు మూడు పదార్థాలతోనే పెరుగుతున్న ఆటిజం పిల్లలకు విటమిన్ సి లేక స్కర్వీ వచ్చి, కాళ్ల నొప్పులతో నడక మానేసిన ఉదంతాలను అమెరికా వైద్యులే నమోదు చేశారు. అన్నం బదులు పాలతో కడుపు నింపితే ఇనుము తగ్గుతుంది; ఏడాది నుంచి ఐదేళ్ల వరకు రోజుకు సుమారు 700 మిల్లీలీటర్లు దాటవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ డి, శాకాహారులైతే బి12 పరీక్షలు చేయించమని మనమే అడగాలి. మలబద్ధకం ఉన్నా ఆకలి చచ్చిపోతుంది, కాబట్టి దాన్నీ దాచకుండా చెప్పాలి.

గోధుమలు, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని వాట్సాప్‌లో తిరిగే సలహాలకు గట్టి ఆధారం లేదు. పెరుగు మీదే ఆధారపడిన పిల్లవాడికి డాక్టరుతో, డైటీషియన్‌తో మాట్లాడకుండా పెరుగు మానిపించడం అన్యాయం.

బడిలో భోజనం దగ్గర ఎవరూ బలవంతం చేయకూడదని వాడి ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడి కోసం బడి రాసే విద్యా ప్రణాళికలో) రాయించాము. డబ్బాలో అన్నం ఒక అరలో, పెరుగు ఇంకో అరలో పెడుతున్నాను. మూడో అరలో కొత్త పదార్థం చిన్న ముక్క ఉంటుంది. దాన్ని వాడు ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా టీచరు ఏమీ అనరు, సాయంత్రం నేనూ అడగను.