డెన్వర్‌లో పప్పుడకని కథ

అమెరికాలోని డెన్వర్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకి మొదటి పేచీ కందిపప్పుతోనే. మన ఊళ్ళో లెక్కకి విజిల్స్ రానిచ్చి మూత తీస్తే, పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో చూసి మా అత్తగారు తీర్పు చెప్పేశారు: "పాత పప్పు అంటగట్టారు అమ్మాయ్."

పాపం, పప్పు తప్పేం లేదు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి.

ఇది బయటపెట్టింది ఐదో తరగతి చదివే మా అమ్మాయి. నీళ్ళు 212 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మరుగుతాయని వాళ్ళ వర్క్‌షీట్‌లో ఉంది. మా వంటింటి థర్మామీటర్ 203 దగ్గరే, అంటే ఆ 95 సెల్సియస్ దగ్గరే ఆగిపోయింది. మంట ఎంత పెంచినా అంతే. మరగడం మొదలయ్యాక మనమిచ్చే వేడంతా అణువుల్ని విడదీసి ఆవిరి చేయడానికే సరిపోతుంది, నీళ్ళు ఇంకా వేడెక్కవు. ఇక్కడ పైనున్న గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఆవిరి బుడగలు తక్కువ వేడికే లేస్తాయి. కుక్కర్ కూడా బయటి ఒత్తిడి మీద ఇంకాస్త చేర్చేదే కదా! రాజమండ్రిలో 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోయేది ఇక్కడ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అందుకే మా ఇంట్లో రెండు విజిల్స్ ఎక్కువ.

"నానమ్మా, ఇక్కడ గాలి వెయిట్ తక్కువ. అందుకే నీళ్ళు ఫుల్ హాట్ అవ్వకుండానే ఎగిరిపోతాయి, పప్పు ఓల్డ్ కాదు" అని అది వాదిస్తుంటే నేను అడ్డుపడలేదు. ఆదివారం తెలుగు క్లాసులో నోరు విప్పని పిల్ల, నానమ్మతో పోట్లాటకి దిగితే మాత్రం క్రియాపదాలన్నీ వరసగా వచ్చేస్తాయి. పిల్లలకి మాట్లాడటానికి భాష కన్నా ముందు తగువు కావాలేమో అనిపిస్తుంది నాకు.

అత్తగారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "సరే, మరి నిప్పు పెట్టకుండానే కర్పూరం ఎందుకు తరిగిపోతుందో చెప్పు" అన్నారు. మా అమ్మాయి దేవుడి గూట్లోంచి డబ్బా తీసి చూసింది, బిళ్ళలు నిజంగానే చిక్కిపోయాయి. గది వేడి చాలు, కర్పూరం కరిగి ద్రవం కాకుండానే పైనున్న అణువులు గాల్లోకి పోతాయి. మూత తీయగానే మనకి తగిలే వాసన అవే. ఎండాకాలంలో ఇంకా తొందరగా పోతాయి. ఇక్కడ పొడి ఎండ రోజుల్లో మంచు కూడా కొంత ఇలాగే, నీరవకుండానే మాయమవుతుంది.

స్కూల్లో టీచర్ ఇలా కరగకుండానే ఆవిరైపోయేవాటికి ఉదాహరణ అడిగితే అందరూ డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) అన్నారట. మా అమ్మాయి మాత్రం కర్పూరం అంది. కల్చర్ నైట్‌కి పట్టులంగా వేసి సమోసాలతో పంపినప్పుడు కూడా దాని మొహంలో అంత దర్జా చూడలేదు.

ఇప్పుడు గొడవ మిరియాల మీద. నాలుగు మిరియాలు వేస్తే కర్పూరం తరగదని అత్తగారి మాట. మూత బిగుతే అసలు సంగతని మనవరాలి వాదం. ఒకలాంటి డబ్బీలు రెండు, ఒకదాంట్లో మిరియాలు, రెండోదాంట్లో ఉత్త కర్పూరం, కిటికీ పక్కన పెట్టింది. మా త్రాసు గ్రాముకి తక్కువైతే చూపించదు. ఇంకోటి కొనమని ఒకటే నస.