మనిషిని తోలరా?

"ఏం దేశం బిడ్డా అది? నెల నెలా పైసలు కట్టించుకుంటరు గని, మనిషిని తోలరా?"

సంక్రాంతికి వీడియో కాల్ ఎందుకు చేయలేదని అడిగితే, ఇంట్లో నెట్ సరిగా రావట్లేదని, బాగుచేయడానికి కంపెనీ మనిషిని పంపదని చెప్పాను. అది విన్నాక నల్గొండ జిల్లా హాలియా నుంచి మా అమ్మ అన్న మాట ఇది. ఆమెకు ఏదో సర్ది చెప్పాను కానీ, నాకు నేను ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాను.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం వాయవ్యాన, పొలాల మధ్య. మా ఆవిడ డాక్టరు. జె-1 వీసా మీద ట్రైనింగ్ చేసినవాళ్లు డాక్టర్లు దొరకని ప్రాంతంలో 3 ఏళ్లు పనిచేస్తే సొంత దేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు పోతుంది. అలా ఈ ఊరొచ్చాం. నాది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ పని. మా రోడ్డుకు ఫైబర్ నెట్ లేదు. ఉపగ్రహాల నుంచి నెట్ అందుకునే, పెరట్లో ఇనుప గొట్టం మీద బిగించిన పలక లాంటి డిష్షే దిక్కు.

మంచు పడితే ఆ డిష్ తనంతట తానే వేడెక్కి కరిగించుకుంటుంది. పొడి మంచుతో పెద్ద ఇబ్బంది లేదు, సిగ్నల్‌ను మింగేది నీళ్లే. అందుకే తడి మంచు పడిన రోజు టెన్షన్. ఈసారి మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది, పలక మీద మంచు లేదు, కింది అంచుకు మాత్రం కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసు వేలాడుతోంది. అయినా నెట్ వచ్చి పోతోంది. మీటింగ్ మధ్యలో నా మొహం బిగుసుకుపోతే మేనేజర్ ఊరుకుంటాడా? చాట్‌లో నెట్ కంపెనీవాళ్లను అడిగితే "రీస్టార్ట్ చేయండి" అన్నారు. చేశానన్నా మళ్లీ అదే.

మా మేనమామ కొడుకు హాలియాలో కేబుల్ కనెక్షన్లు చూస్తాడు. మేడ మీద కిటికీ దగ్గర ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ దొరికితే బావకే చేశాను. ఇక్కడ రాత్రి 8, అక్కడ పొద్దున 7:30.

"డిష్ ఎటు జూస్తుంది?"

"ఉత్తరం."

"ఉత్తరమేందిరా? నేను జిందగీల ఉత్తరానికి డిష్ కట్టలే."

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, మనకు ఒకేచోట నిలిచినట్టు ఉంటాయని, మా నెట్ ఉపగ్రహాలు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే, అంటే హైదరాబాద్ నుంచి బెంగళూరంత దూరంలో, పరుగెడుతూ ఉంటాయని చెప్పాను. "సరే తియ్, పైన ఏం తిరిగినా కింద వైరు వైరే కదా. ముందుగాల కరెంట్ బంద్ చెయ్. డిష్ కాడ ప్లగ్గు పీకి పిన్నులు జూడు. పచ్చగ ఉన్నయా?"

చేతొడుగులు వేసుకుంటే ప్లగ్గు పట్టు దొరకదు, తీస్తే వేళ్లు నావి కాకుండా పోతాయి. టార్చ్ నోట్లో పెట్టుకుని లాగాను. రెండు పిన్నుల మీద చిలుము, వాటి మొదళ్ల దగ్గర తడి. మందుల డబ్బాలోని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి తుడిచి, ఆరనిచ్చి, టక్కుమనేదాకా నొక్కాను. నెట్ నిలబడింది. "కేబుల్ మాత్రం మార్పియ్యాలె. అది మళ్ల పడుతది" అన్నాడు బావ.

ఊళ్లో ఉన్నప్పుడు ఇదే కేబుల్ వాళ్లను మేం తిట్టని రోజు లేదు. ఫోన్ ఎత్తరని, బిల్లుకైతే ఠంచనుగా వస్తారని. కానీ సాయంత్రానికైనా నిచ్చెన వేసుకుని బండి మీద ఒకడొస్తాడు, స్తంభం ఎక్కుతాడు, దిగాక చాయ్ తాగుతాడు. ఇక్కడ మనుషులు తక్కువ, దూరాలు ఎక్కువ, మనిషి గంటకు తీసుకునే కూలీ ఇంకా ఎక్కువ. పక్క పొలం ముసలాయన ట్రాక్టర్ దగ్గర్నుంచి పైపుల దాకా అన్నీ తానే విప్పుకుంటాడు, ఎవర్నీ పిలవడు. ఆయన్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వయసులో నిచ్చెన ఎక్కుతుంటే కింద పట్టుకునేవాళ్లు లేరే అని భయమూ వేస్తుంది. అమ్మ అడిగింది ఆ రెండోదాని గురించేనేమో. నేను మాత్రం కూలీ రేట్లు చెప్పి ఊరుకున్నాను.

కంపెనీ కొత్త కేబుల్‌ను ఉచితంగానే పంపింది. వచ్చి బిగించేదెవరని చాట్‌లో అడిగితే ఒక వీడియో లింకు పెట్టారు.