పారిస్‌లో కాచిన నెయ్యి: ఇరవై రెండు నెలల పాపతో పన్నెండు రోజులు

ప్రయాణానికి రెండు రోజుల ముందు అత్తయ్య విజయవాడ నుంచి అరకిలో నెయ్యి కాచి పంపారు. నెయ్యి లేకపోతే పాపకి ముద్ద దిగదని ఆవిడ బెంగ. పాలతో, మాంసంతో చేసినవేవీ బయటి దేశాల నుంచి సామానులో పెట్టుకుని యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు, నెయ్యి కూడా అందులోకే వస్తుంది. చంటిపిల్లల పాలపొడికి, వాళ్ల ఆహారానికి మాత్రం మనిషికి రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. ఫోన్‌లో ఆ సంగతి చెప్తే "అదేం రూలే అమ్మాయ్, పసిపిల్ల తినే నెయ్యికి కూడానా" అని చాలా బాధపడ్డారు. డబ్బా హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన పొడి, రెండు కిలోల సోనామసూరి, కందిపప్పు, చింతపండు పులుసు గుజ్జు, ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, ఇవి మాత్రం బట్టలకంటే ముందు సర్దాను.

మేం వెళ్లింది 2025 జూన్‌లో. పాపకి అప్పుడు ఇరవై రెండు నెలలు. రెండేళ్లు నిండితే విమానంలో సీటు కొనాలి, నిండకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, టికెట్టు పెద్దవాళ్ల ధరలో పదో వంతు దగ్గర్లో పడుతుంది. తిరిగొచ్చే రోజుకి కూడా రెండేళ్లు నిండకూడదు కాబట్టి ముందు అది చూసుకుని తేదీలు పెట్టుకున్నాం. మొదట మా ఆయన ఒక టూర్ ప్యాకేజీ చూశారు, పది రోజుల్లో ఆరు దేశాలు. కాగితం చదివితే దాదాపు రోజూ ఉదయం ఏడింటికల్లా బస్సులో ఉండాలి. మా పాప నిద్ర లేచి, పాలు తాగి, ఒకసారి ఏడ్చి, బట్టలు వేసుకునేసరికే తొమ్మిదవుతుంది. అందుకే ప్యాకేజీ వద్దనుకుని రెండే చోట్లు పెట్టుకున్నాం, ఆరు రాత్రులు పారిస్, ఐదు రాత్రులు స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ అనే ఊరు. వచ్చేటప్పుడు జ్యూరిక్ నుంచి విమానం. అంత దూరం వెళ్లి రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ వదిలేస్తారా అని చాలామంది అన్నారు. వదిలేశాం, ఆ నిర్ణయం వల్లే మిగతాదంతా సవ్యంగా నడిచింది.

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరేళ్ల లోపు పిల్లలకి ఫీజు లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు కూడా తీసుకోరు. కానీ ఫోటో కావాలి, తెల్లటి వెనకభాగంతో, నోరు మూసుకుని, కళ్లు తెరిచి కెమెరా వైపు చూస్తూ ఉండాలి. స్టూడియో అబ్బాయి ఓపికకి దండం పెట్టాలి, ముప్పావుగంట పట్టింది. పాప దరఖాస్తు మీద అమ్మానాన్న ఇద్దరం సంతకాలు చేశాం.

విమానం గురించి ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను. స్ట్రోలర్‌ని గేటు దగ్గర ఇచ్చేటప్పుడు, మధ్యలో విమానం మారేచోట తలుపు దగ్గరే తిరిగి ఇస్తారని చెప్పారు. ఇవ్వలేదు, అది నేరుగా పారిస్ బెల్టు మీదకే వచ్చింది. నాలుగు గంటలు పదకొండు కిలోల పిల్లని ఎత్తుకుని ఆ విమానాశ్రయంలో తిరిగాం. భుజానికి కట్టుకునే గుడ్డ క్యారియర్ చేతిసంచిలో పెట్టుకోమని ఎవరైనా చెప్తే తప్పకుండా వినండి, మాది చెక్-ఇన్ సూట్‌కేసులో ఉండిపోయింది. పారిస్‌లో దిగాక ఇంక రైలు మెట్ల జోలికి పోలేదు. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి సెయిన్ నదికి కుడిగట్టు వైపుకి టాక్సీ ధర స్థిరంగా 56 యూరోలు, ఎడమగట్టుకైతే 65. మా అపార్ట్‌మెంట్ బెర్సీలో, కుడిగట్టున.

బెర్సీలోనే ఇల్లు తీసుకోవడానికి కారణం మెట్రో 14వ లైను. పారిస్ మెట్రో 1900లో మొదలైంది, పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు, మారే స్టేషన్లలో దిగి, నడిచి, మళ్లీ ఎక్కే మెట్లు ఎక్కువ. 1998లో వచ్చిన 14వ లైనులో మాత్రం అన్ని స్టేషన్లకీ లిఫ్టులున్నాయి, పైగా డ్రైవరు లేని రైలు, ముందు అద్దం దగ్గర పాపని నిలబెడితే సొరంగం మొత్తం చూస్తూ కేరింతలు. ఆ లైను దాటి ఎక్కడికి వెళ్లాలన్నా బస్సే. బస్సులో స్ట్రోలర్ మడవకుండా మధ్య తలుపులోంచి ఎక్కించవచ్చు, దానికి స్థలం కూడా వదిలి ఉంటుంది. బస్తీల్ దగ్గర 69వ నంబరు ఎక్కితే లూవ్ర్ మ్యూజియం పక్కనుంచి, నది దాటి, ఐఫిల్ టవర్ ముందున్న షాన్ ద మార్స్ పార్కు దాకా తీసుకెళ్తుంది. కిటికీ పక్క సీటు, ఒళ్లో నిద్రపోయిన పాప, బయట పారిస్. టూరిస్టు బస్సుకి డబ్బు పెట్టాల్సిన అవసరం మాకు రాలేదు.

మొదటి మూడు రోజులు పాప తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంది, మన దగ్గర అప్పటికి ఆరున్నర కదా. ఏం చేస్తాం, ఆరు కాగానే స్ట్రోలర్‌లో వేసుకుని సెయిన్ గట్టుకి నడిచేవాళ్లం. ఆ వేళకి పారిస్‌లో పరిగెత్తేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, బేకరీ ముందు రొట్టెల ట్రేలు దింపేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆకుపచ్చ చెత్తబండి ఒకటి మా వీధిలోకి వచ్చేది. అది డబ్బాని ఎత్తి బోర్లించుకోవడం పాప రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని చూసేది, రెండో రోజు నుంచి ఆ బండి వెనక నిలబడే మనిషి దానికి చెయ్యూపడం మొదలుపెట్టాడు. పారిస్‌లో పాపకి బాగా నచ్చిందేమిటని ఎవరైనా అడిగితే నేను ఆ బండి పేరే చెప్తాను.

సాయంత్రాలు మాత్రం కష్టం. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదింటికి గానీ అస్తమించడు. "పొద్దుపోయింది, బజ్జో" అంటే కిటికీ వైపు చెయ్యి చూపిస్తుంది, బయట ఎండ. రెండో రోజు పరదాలకి పిన్నీసులతో నా నల్ల చున్నీ అదనంగా బిగించాం, అప్పుడు దారికి వచ్చింది. ఐఫిల్ టవర్ చీకటిపడ్డాక ప్రతి గంటకీ ఐదు నిమిషాలు మెరుస్తుంది, అది మేం చూడలేదు. పైకి కూడా ఎక్కలేదు. మధ్యాహ్నం ఎదుటి గడ్డిలో దుప్పటి పరుచుకుని పెరుగన్నం, మామిడికాయ తొక్కు తిన్నాం. 330 మీటర్ల ఇనుము కింద కూర్చుని పాప మెతుకులు పావురాలకి విసిరింది.

తిండి సంగతి ఎక్కువగానే చెప్పాలి, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఎక్కువ టెన్షన్ దీని గురించే కాబట్టి. ఫ్రాన్స్‌లో మీగడ తీయని పాలకి ఎర్ర మూత, సగం మీగడ తీసినవాటికి నీలం మూత, మొదటి రోజు తెలియక నీలం తెచ్చాం, పాప సగంలో వదిలేసింది. పెరుగు డబ్బా మీద "నత్యూర్" అని ఉంటే చక్కెర లేనిది, మన పెరుగుకి చాలా దగ్గర. వెన్న ఉప్పు వేసింది, వేయనిది రెండు రకాలు దొరుకుతుంది, "దూ" అని రాసి ఉన్నది ఉప్పు లేనిది. మూడో రోజు పావుకిలో వెన్న తెచ్చి ఆ చిన్న వంటింట్లో సన్నసెగ మీద పెట్టాను. అడుగున గసి ఎర్రబడేసరికి వాసన మెట్లదారి దాకా వెళ్లింది. వీడియో కాల్‌లో అత్తయ్యకి గిన్నె చూపించాను. "పూస కడుతుందా?" అని అడిగారు. కట్టింది. పాప ఆ పూట పప్పన్నం రెండోసారి పెట్టించుకుంది. ఆవిడ ఫోన్ పెట్టకుండా చివరి ముద్ద దాకా చూస్తూ కూర్చున్నారు.

మ్యూజియాలకి మేం వంతులు వేసుకున్నాం. లూవ్ర్ బుధ, శుక్రవారాలు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, మంగళవారం సెలవు. బుధవారం సాయంత్రం ఆయన వెళ్లారు, శుక్రవారం నేను. మోనాలిసా గది జనంలోంచి త్వరగానే బయటపడి, తల లేని, రెక్కలు విప్పిన సమోత్రాకే విజయదేవత నిలబడి ఉన్న మెట్ల దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రెండేళ్లలో చేతిలో సంచీ, ఒళ్లో పిల్లా లేకుండా అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదటిసారి. గాలికి ఒంటికి అతుక్కున్నట్టు చెక్కిన ఆ చీర మడతలు, అది చీర కాదని తెలుసు, నాకు మాత్రం అలాగే అనిపించింది, ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

పాపకి మాత్రం పారిస్ అంటే లగ్జంబర్గ్ అనే పార్కే. నడిమధ్య పెద్ద కొలను ఉంది, అందులో వదలడానికి రంగు తెరచాపల చెక్క పడవలు, తొయ్యడానికి ఒక కర్ర అద్దెకిస్తారు. గాలి ఎటు వీస్తే పడవ అటు పోతుంది, పిల్లలు కొలను చుట్టూ పరిగెత్తి అవతల ఒడ్డున అందుకుంటారు. మా పడవ కొలను మధ్యలో ఆగిపోయింది. పాప ఏడవబోతుంటే ఏడెనిమిదేళ్ల ఫ్రెంచ్ అబ్బాయి తన కర్రతో ఇంకో పడవని తోసి మాదాన్ని కదిపాడు. భాష రాదు, పేరు తెలియదు, ఆ తర్వాత గంటసేపు వాడే మా పాపకి అన్నయ్య. అక్కడే 1879 నాటి రంగులరాట్నం ఉంది, కొంచెం పెద్ద పిల్లలు తిరుగుతూ కర్రతో ఇనుప రింగులు లాగుతారు. పాప రెండు రౌండ్లు నా ఒళ్లో కూర్చుని తిరిగి, దిగనంది.

ఐదో రోజు రాత్రి జ్వరం వచ్చింది, నూట ఒకటిన్నర. పరాయి దేశంలో పిల్లకి ఒళ్లు కాలుతుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకి తెలుస్తుంది, నాకు చేతులు వణికాయి. మా సంచిలో ఉన్న సిరప్ సీసా మూత ఊడి సగం కారిపోయింది. ఆకుపచ్చ శిలువ గుర్తు వెలుగుతుంటే అది మందుల షాపు. మా ఆయన పాప బరువు కాగితం మీద రాసుకుని వెళ్లారు. అక్కడి పారాసిటమాల్ సిరప్‌తో వచ్చే సిరంజి మీద మిల్లీలీటర్లు కాదు, కిలోలు రాసి ఉంటాయి, పిల్ల పదకొండు కిలోలైతే పదకొండు గీత దాకా లాగడమే. ఎన్ని గంటలకోసారి వెయ్యాలో ఆ షాపావిడ డబ్బా మీద పెన్నుతో రాసి, తగ్గకపోతే అక్కడి అత్యవసర వైద్య నంబరు 15కి ఫోన్ చెయ్యమని కూడా రాసిచ్చింది. మర్నాడు ఎక్కడికీ వెళ్లలేదు. వెర్సాయ్ రాజభవనం ఆ రోజుకే పెట్టుకున్నాం, అది పోయింది. సాయంత్రానికి జ్వరం దిగింది, చారన్నం అడిగింది.

స్విట్జర్లాండ్‌కి పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి రైలు, సరిహద్దు దగ్గరి స్విస్ ఊరు బాజెల్‌కి మూడు గంటలు. అక్కడ మారి ఎక్కిన రెండంతస్తుల రైల్లో చివరి పెట్టె పై అంతస్తులో పిల్లల ఆటస్థలం ఉంది, అడవి బొమ్మలు, జారుడుబల్ల, చుట్టూ అమ్మానాన్నలు కూర్చునే బెంచీలు. ఇలాంటిది మన వందే భారత్‌లో కూడా ఎందుకు పెట్టకూడదని నాకు నిజంగా అనిపించింది. ఆరేళ్ల లోపు పిల్లలకి ఆ దేశంలో రైలు టికెట్టే లేదు.

లౌటర్‌బ్రున్నెన్ రెండు నిలువు కొండగోడల మధ్య ఊరు. మా బాల్కనీ ఎదురుగా స్టౌబ్‌బాఖ్ జలపాతం, దాదాపు 300 మీటర్ల పైనుంచి దూకి, నేలకి చేరేలోపే సగం నీరు పొగలా విడిపోతుంది. ఇక్కడికి వచ్చినవాళ్లందరూ 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి వెళ్తారు, 1912 నుంచి కొండలో తొలిచిన సొరంగంలో రైలు నడుస్తోంది. ఇంత చిన్నపిల్లని అంత ఎత్తుకి తీసుకెళ్లొద్దని మా డాక్టరుగారు ముందే చెప్పారు. మామయ్యకి ఆ మంచుకొండ ఫోటో కావాలి, అందుకని ఒకరోజు పొద్దున్నే మా ఆయన ఒక్కరే వెళ్లొచ్చారు. మేమిద్దరం బట్టలుతుక్కుని, ఊరి చివర ఆవుల దాకా నడిచాం. వాటి మెడలో గంటలు పాప తలంత ఉన్నాయి. "అంబా" అని ఇది పిలవడం, అది తలెత్తితే గంట మోగడం, ఇద్దరూ అలిసిపోలేదు.

మర్నాడు ముగ్గురం పళ్లచక్రాల రైల్లో కార్లు తిరగని వెంగెన్‌కి, అక్కడి నుంచి రోప్‌వేలో మెన్‌లిఖెన్‌కి వెళ్లాం. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ వరసగా ఎదురుగా, వాటి ముందు పిల్లల ఆటస్థలంలో ఇంటంత చెక్క ఆవు, దానికి జారుడుబల్ల. పాప పదిహేడుసార్లు జారింది, ఆయన లెక్కపెట్టారు. నేను బెంచీ మీద కూర్చుని శిఖరాల్ని కావలసినంత సేపు చూశాను. పద పద అనేవాళ్లు లేరు.

చివరి రాత్రి చున్నీ పరదా వెనక పాప ఎనిమిదింటికే నిద్రపోయింది. చింతపండు గుజ్జు చివరి రెండు చెంచాలతో కలిపిన పులిహోర పళ్లాల్లో పెట్టుకుని బాల్కనీలోకి వచ్చాం. తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోలేదు, ఎదురుగా జలపాతం తెల్లగా కనిపిస్తూనే ఉంది. తలుపు వేస్తే చప్పుడవుతుందని ఓరగా వదిలేసి, తినడం అయ్యాక కూడా అక్కడే కూర్చున్నాం.