సంతకం పెట్టించిండ్రు

పొద్దున ఐదున్నరకే లేచి కూర్చున్నాను. ఎండాకాలం మా నల్గొండలో తొమ్మిది దాటితే మేడ మీది గదిలో ఉండలేం, లాప్‌టాప్ కూడా పెనంలా కాలుతుంది. సాయంత్రంలోపు పంపాల్సిన ఫైలు పదకొండు పేజీలు, స్పానిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి. మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రంలో లోస్ ఆల్తోస్ అనే మెట్ట ప్రాంతం ఉంది. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించిన రిపోర్టు అది.

రెండో పేజీలోనే ఆగిపోయాను. "తెక్నికా దె నల్గొండ" అని ఉంది. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతి. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించి మా ఊరి పేరు పెట్టింది. అది చదివి తెలుసుకున్నదే, కానీ నేను అనువదించాల్సిన కాగితం మీద, స్పానిష్ వాక్యం మధ్యలో మా ఊరి పేరు కనిపించేసరికి కాసేపు చేయి కదల్లేదు.

ఇలాంటి రిపోర్టు అంటేనే ఒకటి ఇంకోదాన్ని ఎలా చేసిందో చెప్పడం. నీళ్ళు పళ్ళను పాడు చేశాయి, కరువు బోర్లు లోతుగా వేయించింది, నొప్పి మనుషులను పని మాన్పించింది. స్పానిష్‌లో వీటికి మాటలకు కొదవ లేదు. కౌసార్, ప్రొవోకార్, ఒకాసియొనార్, ఏదీ కాకపోతే "అసేర్ కె", అంటే ఫలానాది జరిగేలా చేయడం. వాళ్ళు వాటిని మార్చి మార్చి వాడతారు, చదవడానికి బాగానే ఉంటుంది. కొత్తలో నేను అన్నింటికీ "కాజ్" అని పెట్టేదాన్ని. ఒకసారి ఒక ఎడిటర్ ఫైలంతా ఎర్ర గీతలు గీసి తిప్పి పంపారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత గమనిస్తే, ఇంగ్లిష్‌లో కాజ్ ఎక్కువగా చెడు పక్కనే కూర్చుంటుంది: నష్టం, నొప్పి, ఆలస్యం. స్పానిష్‌లో "కౌసార్ అలెగ్రీయా" అంటే ఎవరికీ వింతగా ఉండదు. దాన్ని ఇంగ్లిష్‌లో "కాజ్‌డ్ జాయ్" అని రాస్తే మాత్రం సంతోషం కూడా ఒక జబ్బులా వినిపిస్తుంది.

ఇప్పుడు పద్ధతి మార్చాను. ముందు వాక్యాన్ని తెలుగులో అనుకుంటాను. మనకు చాలా క్రియల్లో "ఇంచు" ఉంది కదా, చేయించిన మనిషి, చేసిన మనిషి ఇద్దరూ ఒక్క మాటలోనే కనిపిస్తారు. "బావి నీళ్ళు పిల్లల పళ్ళకు మరకలు పడేలా చేశాయి" అని స్పానిష్‌లో "ఇసో కె"తో ఉన్న వాక్యం మా ఇంట్లో అయితే ఏమవుతుంది? "ఆ నీళ్ళకు పిల్లల పళ్ళు గారపట్టినయి." అంతే, ఇక్కడ "ఇంచు" కూడా అక్కర్లేదు. అక్కడి నుంచి ఇంగ్లిష్‌కు పోతే "స్టెయిన్‌డ్" అనే ఒక్క క్రియ చాలింది. "దేహార్ కాయెర్" అంటే పడనివ్వడం, ఇంగ్లిష్‌లో "డ్రాప్". "అసేర్ ఎస్పెరార్", వేచి ఉండేలా చేయడం, అది "కీప్ వెయిటింగ్". "దార్ దె కొమేర్", తినడానికి పెట్టడం, అది "ఫీడ్". సరిగ్గా అప్పుడే కింద అమ్మ పాపకు పెరుగన్నం తినిపిస్తోంది, నోరు తెరవమని బతిమాలుతూ.

భయం, ఆకలి, నిద్ర విషయంలో స్పానిష్ మనకు చుట్టమే అనిపిస్తుంది. "మె దా మియెదో" అంటే "నాకు భయం ఇస్తుంది", మన "నాకు భయమేస్తోంది"కి దగ్గర. ఇంగ్లిష్‌లో మాత్రం మామూలుగా "నేను" ముందుకు వస్తుంది. కొలంబియాలో, వెనెజులాలో "తె ప్రొవోకా ఉన్ కఫే?" అంటే కాఫీ తాగాలని ఉందా అని. రిపోర్టులో "రేకెత్తించు" అనిపించే ఆ ప్రొవోకార్ అక్కడ కాఫీ కప్పు పక్కన ఎంత మెత్తగా ఉంటుందో!

పదకొండింటికి గడియారం సెంటర్ దగ్గరి టైలర్ దగ్గరికి వెళ్ళి జాకెట్లు తెచ్చుకున్నాను. నేను కుట్టలేదు, కుట్టించాను. స్పానిష్‌లో "మందే అసేర్" (చేయించాను) అని ఈ తేడా చెప్పొచ్చు. జుట్టు విషయానికి వస్తే వాళ్ళు "మె కోర్తె ఎల్ పెలో" అంటారు, మాటకు మాట చూస్తే "నా జుట్టు కత్తిరించుకున్నాను". కత్తిరించింది సెలూన్ అతనే అని వినేవాళ్ళకు తెలుసు.

తిరిగొచ్చాక మధ్యాహ్నమంతా ఒక్క వాక్యం పట్టుకుంది. "లెస్ ఇసియెరోన్ ఫిర్మార్ ఉన్ పపెల్." వాళ్ళ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. స్పానిష్‌లో అది బలవంతమా, మామూలు పనా అన్నది క్రియలో లేదు. ఇంగ్లిష్‌కు అది తేల్చాలి. "మేడ్" అంటే బలవంతం, "హాడ్" అంటే పద్ధతి ప్రకారం పెట్టించడం, "గాట్" అంటే ఒప్పించి పెట్టించడం. ఒక్క అక్షరం తప్పు పెడితే ఊరి మీదో అధికారుల మీదో నేను నింద వేసినట్టే.

అమ్మను అడిగాను.

"అమ్మా, సంతకం పెట్టించిండ్రు అంటే బలవంతంగనా?"

"ఎవలు పెట్టించిండ్రు?"

"ఏమో, కాగితంల ఉంది."

"ఎవలు, ఎందుకు పెట్టించిండ్రో చెప్పకుంటే నాకెట్ల ఎరుకైతది బిడ్డా. రేషన్ కాడ కూడా ఏలుముద్ర ఏపిచ్చుకుంటరు. అప్పిచ్చినోడు కూడా ఏపిచ్చుకుంటడు."

మళ్ళీ ముందు పేరాకు పోయాను. ఇంటింటికీ ఒక ఫిల్టరు ఇచ్చారు, అందినట్టు సంతకం. అమ్మ చెప్పిన రేషన్ లెక్కే. "హాడ్ దెమ్ సైన్" అని పెట్టాను, గుండె కుదుట పడింది.

చివరి పేజీలో ముసలివాళ్ళ గురించి ఉంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకంటే చాలా ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుంటాయి. స్పానిష్‌లో "నీళ్ళు వాళ్ళ వీపులను మెల్లమెల్లగా వంచుతూ పోయాయి" అన్నట్టు రాశారు. నేను మొదట "కాజ్‌డ్ స్పైనల్ కర్వేచర్" అని డాక్టర్ల భాషలో పెట్టేశాను. మా జిల్లాలోనే మర్రిగూడ పక్కన మా అమ్మ పుట్టిల్లు. తాత చివరి పదేళ్ళూ నేలను చూస్తూనే నడిచాడు. ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే గోడ పట్టుకుని మొత్తం ఒళ్ళు తిప్పేవాడు. నేను వెళ్తే ముందు నా చెప్పులు గుర్తుపట్టేవాడు.

"అమ్మా, తాత నడుము ఎట్ల వంగింది?"

"ఎట్ల వంగుడేంది? ఆ బోరు నీళ్ళే వంచినయి."

రాసింది చెరిపేసి, నీళ్ళనే ముందు పెట్టి "బెంట్" అని రాశాను. మెల్లమెల్లగా అన్నది పోకుండా "ఇయర్ ఆఫ్టర్ ఇయర్" చేర్చాను. ఆరింటికి ఫైలు పంపి కిందికి దిగేసరికి అమ్మ పాపను నిద్రపుచ్చేసింది, కంచంలో ఇంకా రెండు ముద్దల పెరుగన్నం మిగిలి ఉంది.