లేవని ల్యాప్‌టాప్‌లోంచి అమ్మ కథలను బయటికి తెచ్చుకున్న వైనం

రాత్రి పని ముగించి మూసిపెట్టిన ల్యాప్‌టాప్ మర్నాడు ఉదయం లేవలేదు. బటన్ నొక్కగానే ఫ్యాను తిరిగింది, కీబోర్డు దీపాలు వెలిగాయి, తెర మీద కంపెనీ గుర్తు కనిపించింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. రెండు మూడు నిమిషాల తరువాత తెర నల్లబడి, యంత్రం తనంతట తానే మళ్లీ మొదటికి వచ్చింది. ఇలా నాలుగుసార్లు జరిగాక బటన్‌ను నొక్కిపట్టి దాన్ని ఆపేశాను. అందులో ఉన్నవాటిలో చాలా వరకు మళ్లీ సంపాదించుకోగలిగినవే. సంపాదించుకోలేనివి మాత్రం ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి: మా అమ్మ నా కూతురికి నిద్రపోయే ముందు చెప్పిన కథలు, మొత్తం 62 రికార్డింగులు. ఫోనులో చోటు చాలక వాటిని ల్యాప్‌టాప్‌లోకి మార్చి, ఫోనులోంచి తీసేశాను. అమ్మకు ఇప్పుడు ఆ కథల్లో చాలా వాటికి మొదలు గుర్తుంటే చివర గుర్తుండడం లేదు.

ఇలాంటప్పుడు మనం "ల్యాప్‌టాప్ పోయింది" అంటాం. ఆ ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు జబ్బులు కలిసిపోతాయి. ఛార్జర్ లేదా బ్యాటరీ చెడిపోయి ఉండవచ్చు, తెర ఒక్కటే పనిచేయకపోవచ్చు, మదర్‌బోర్డు కాలిపోయి ఉండవచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన కొన్ని ఫైళ్లు పాడై ఉండవచ్చు, లేదా డిస్కే దెబ్బతిని ఉండవచ్చు. వీటిలో చివరిదొక్కటే మన ఫైళ్లను నేరుగా తాకుతుంది. మిగిలిన అన్నింటిలోనూ తలుపు తెరుచుకోకపోయినా ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. అందువల్ల యంత్రాన్ని బాగుచేయడం, ఫైళ్లను కాపాడుకోవడం అనే రెండు పనులను విడదీసి, రెండోదాన్ని ముందు చేయాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకం నాకు ఊరికే కలగలేదు. చాలా ఏళ్ల క్రితం మరో కంప్యూటర్ ఇలాగే మొరాయించినప్పుడు, తెర మీద వచ్చిన సూచనను అనుసరించి డిస్కును తనిఖీ చేసి సరిదిద్దే ప్రోగ్రామును నడిపించాను. అది తన పనిని తాను సరిగానే చేసింది, అంటే ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసి ఉంచే ఫైల్ సిస్టమ్ లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చేసింది. ఆ క్రమంలో లెక్కకు అందని ముక్కలన్నింటినీ 'ఫౌండ్' అనే ఫోల్డర్‌లో వేసి, వాటికి వరుస సంఖ్యలతో పేర్లు పెట్టింది. ఏ ముక్క ఏ ఫైలుదో తెలియని వందలాది శకలాలు నాకు మిగిలాయి. సరిదిద్దడమంటే డిస్క్ మీద రాయడం. పోయిన ఫైలు ఆనవాళ్లు ఎక్కడ ఉన్నాయో తెలియకుండా డిస్క్ మీద ఏం రాసినా, ఆ ఆనవాళ్ల మీదే రాసే అవకాశం ఉంటుంది. సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఫ్యాక్టరీ స్థితికి తీసుకువెళ్లడం వంటివి ఇంకా ప్రమాదకరం. ఈసారి తెర మీద 'రిపేర్' అన్న మాట కనిపించిన ప్రతిసారీ నా చేయి వెనక్కు తీసుకున్నాను.

మొదట తేలికైన పరీక్షలు చేశాను. ఛార్జర్ తీసేసి, యూఎస్‌బీకి తగిలించినవన్నీ ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి ఉంచి, మళ్లీ ఛార్జర్ పెట్టి చూశాను. మదర్‌బోర్డులో మిగిలిన విద్యుత్తు పోవడంతోనే కొన్ని యంత్రాలు లేస్తాయి. నాది లేవలేదు. తరువాత బయాస్ సెటప్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందే యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము అమరికల్లోకి వెళ్లి, నిల్వ పరికరాల జాబితాలో నా డిస్క్ పేరు, దాని పరిమాణం సరిగా కనిపిస్తున్నాయా అని చూశాను. 1 టీబీ డిస్క్ తన పేరుతోనే కనిపించింది. ఆ ఒక్క వరుసను చూశాకే నాకు ఊపిరి ఆడింది. అక్కడ డిస్క్ పేరే లేకపోతే, లేదా పరిమాణం సున్నా అని ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆ తరువాత గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి విన్నాను. నాది తిరిగే పళ్లేలున్న పాత తరహా హార్డ్ డిస్క్. నిమిషానికి 5400 సార్లు తిరిగే ఆ పళ్లెం మీద చదివే తల కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. ఆ ఎత్తు ముందు మన తలవెంట్రుక పెద్ద కొండతో సమానం. టక్ టక్ అని లయగా కొట్టుకునే శబ్దం గానీ, గీరినట్టు శబ్దం గానీ వినిపిస్తే ఆ తల దెబ్బతిన్నదని అనుమానించాలి, వెంటనే కరెంటు తీసేయాలి. అప్పుడు తిప్పిన ప్రతి నిమిషమూ పళ్లెం మీది పూతను గీకివేయవచ్చు. అలాంటి డిస్క్‌ను శుభ్రమైన గది ఉన్న డేటా రికవరీ నిపుణుల చేతికి ఇవ్వడమే దారి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. చల్లబడిన లోహం మీద తేమ చేరి నష్టం పెరుగుతుంది కాబట్టి ఆ సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. నా డిస్క్ మామూలుగానే తిరుగుతోంది, అప్పుడప్పుడు మాత్రం ఒకటి రెండు సెకన్లు తటపటాయిస్తోంది.

మరో కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద, విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటుతో లైవ్ యూఎస్‌బీ తయారుచేసుకున్నాను. లైవ్ యూఎస్‌బీ అంటే డిస్క్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటల్లో ఒకదాన్ని నొక్కితే దేని నుంచి బూట్ కావాలో అడిగే జాబితా వస్తుంది. అక్కడ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుని, ఇన్‌స్టాల్ చేయమని కాకుండా ప్రయత్నించి చూస్తానని చెప్పాలి. అయిదు నిమిషాల్లో నిన్నటి దాకా నల్లగా ఉన్న ఆ తెర మీదే నా ఫోల్డర్లు కనిపించాయి. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్క్ పూర్తిగా మూతపడకుండా సగం నిద్రలో ఉండిపోతుంది, అప్పుడు ఉబుంటు దాన్ని చదవడానికి మాత్రమే తెరవవచ్చు. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు, మనకు కావలసింది కూడా చదవడమే.

మదర్‌బోర్డు పూర్తిగా చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లో ఈ దారి పనికిరాదు. అప్పుడు డిస్క్‌ను విప్పి, దానికి సరిపోయే యూఎస్‌బీ ఎడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించాలి. సాటా అనే కనెక్షన్ ఉన్న 2.5 అంగుళాల డిస్క్‌కు ఒక రకం ఎడాప్టర్ చాలు. సన్నని పట్టీలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలకు బదులు చిప్పులుండే డిస్క్) అయితే దాని కనెక్షన్ సాటా రకమో ఎన్‌వీఎంఈ రకమో ముందు చూసుకోవాలి, పైకి ఒకేలా కనిపించినా ఒకదాని పెట్టె రెండోదానికి పనిచేయకపోవచ్చు. 2018 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్, ప్రోలలో నిల్వ చిప్పులు బోర్డుకే అతికి ఉంటాయి, వాటిలోని డేటా ఆ బోర్డులోని భద్రతా చిప్‌తో ముడిపడిన ఎన్‌క్రిప్షన్‌లో, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది. విప్పి తీసుకుందామనే ఆలోచనే అక్కడ లేదు, బోర్డును బతికించవలసిందే.

ఇక్కడ డిస్క్‌కు ఇలాంటి తాళం వేసే విండోస్ ఏర్పాటు, బిట్‌లాకర్ గురించి చెప్పి తీరాలి. నా ల్యాప్‌టాప్ పాతది కాబట్టి డిస్క్‌కు తాళం లేదు. ఇటీవలి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలా వాటిలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, ఆ సంగతి వాడేవారికి తెలియకపోవచ్చు కూడా. అలాంటి డిస్క్‌ను లైవ్ యూఎస్‌బీ నుంచి గానీ మరో కంప్యూటర్ నుంచి గానీ తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. బయాస్‌లో సెక్యూర్ బూట్ వంటి అమరిక ఒకటి మార్చినా తరువాతి బూట్‌లో ఆ కీ అడగవచ్చు. కీ సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, వేరే ఫోను నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. అది దొరకకపోతే డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా అందులోని ఫైళ్లను ఏ నిపుణుడూ తెరవలేడు. ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్న ఈ రోజే ఆ కీని కాగితం మీద రాసుకోవడం నా దృష్టిలో ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ కన్నా విలువైన పని.

మళ్లీ నా డిస్క్ దగ్గరికి వస్తాను. అమ్మ కథల ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి లాగాను. పద్దెనిమిదో ఫైలు దగ్గర కాపీ ఆగిపోయింది, డిస్క్ మళ్లీ మళ్లీ తటపటాయించింది. వెంటనే రద్దు చేసి, ఉబుంటులోని డిస్కుల అప్లికేషన్‌లో స్మార్ట్ వివరాలు తెరిచాను. అది డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే దినచర్య వంటిది. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్క్ మీద డేటా దాచే చిన్న చిన్న గడుల) సంఖ్య సున్నా ఉండాల్సిన చోట వందల్లో ఉంది. మామూలు కాపీ చెడ్డ సెక్టారు ఎదురైనప్పుడల్లా అక్కడే పట్టుబట్టి కూర్చుంటుంది, నీరసించిన డిస్క్‌కు ఉన్న కాస్త ఓపికా అక్కడే ఖర్చవుతుంది.

దీనికి సరైన పనిముట్టు జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఇది ఫైళ్లను చూడదు, డిస్క్ మొత్తాన్ని మొదటి సెక్టారు నుంచి చివరి దాకా ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ చేస్తుంది. దీని గొప్పతనమంతా అది పనిచేసే క్రమంలో ఉంది. మొదటి విడతలో తేలికగా చదవగలిగినదంతా తీసుకుంటుంది, ఇబ్బంది ఎదురైన చోటును గుర్తుపెట్టుకుని దాటిపోతుంది. మంచి భాగమంతా చేతికి వచ్చాకే వెనక్కు వచ్చి, వదిలేసిన ప్రాంతాల అంచులను రెండు వైపుల నుంచి కత్తిరించుకుంటూ వస్తుంది, తరువాత లోపలి సెక్టార్లను ఒక్కొక్కటిగా గీకి చూస్తుంది, అడిగితే చివరగా మరికొన్నిసార్లు ప్రయత్నిస్తుంది. ఏది అందింది, ఏది అందలేదు అన్న లెక్కను మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. దీన్ని నడిపేటప్పుడు ఏది మూలం, ఏది గమ్యం అన్నది మూడుసార్లు సరిచూసుకోవాలి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మన ఫైళ్ల మీద పడుతుంది. ఇమేజ్ దాచే బయటి డిస్క్ మూలం కన్నా పెద్దదై ఉండాలి, 4 జీబీ మించిన ఫైలును దాచలేని ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు.

మొదటి విడత అయిదు గంటలకు పైగా పట్టింది. ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా రెండు పుస్తకాలు పెట్టి, బల్ల కదలకుండా చూసుకుంటూ ఆ పూటంతా అక్కడే ఉన్నాను. మిగిలిన విడతలు రాత్రంతా సాగాయి. తెల్లవారేసరికి 1 టీబీలో అందకుండా మిగిలింది ఒకటిన్నర ఎంబీ లోపే. ఆ క్షణంలో డిస్క్‌కు కరెంటు తీసేశాను, తరువాత చేసిన పనంతా ఇమేజ్ మీదే.

పోయిన ఆ కాస్త భాగం ఎవరి ఫైళ్లలో పడిందో తెలియాలి కదా. డీడీరెస్క్యూలోనే దీనికొక ఉపాయం ఉంది. అందని సెక్టార్లను మనం చెప్పిన ఒక గుర్తు పదంతో నింపమంటే, మ్యాప్ ఫైలును చూసి ఆ చోట్లలో మాత్రమే నింపుతుంది. ఇమేజ్‌కు మరో నకలు తీసి, ఆ నకలు మీద ఈ పని చేసి, ఆ పదం ఉన్న ఫైళ్లన్నింటినీ వెతికించాను. పదకొండు ఫైళ్లు తేలాయి. తొమ్మిది ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందినవి, ల్యాప్‌టాప్ ఎందుకు లేవలేదో అక్కడే అర్థమైంది. మిగిలిన రెండూ అమ్మ రికార్డింగులు.

అసలు ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, 62 రికార్డింగులనూ రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసుకున్నాను. సంఖ్యను, పరిమాణాన్ని చూసి సరిపెట్టుకోకుండా ఒక్కొక్కటి తెరిచి విన్నాను, ఫైలు పేరు రావడం వేరు, ఫైలు లోపలంతా రావడం వేరు. దెబ్బతిన్న రెండింటిలో మొదటిదానిలో పోయింది ఒకే ఒక్క సెక్టారు, అంటే 4096 బైట్లు. నా రికార్డింగులు 128 కిలోబిట్ల ఎంపీ3లు, సెకనుకు 16 కిలోబైట్లు. పోయిన భాగం పావు సెకను. ఎంత జాగ్రత్తగా విన్నా అది ఎక్కడుందో నాకు దొరకలేదు.

రెండోదానిలో పన్నెండు సెక్టార్లు పోయాయి, సుమారు మూడు సెకన్లు. "ముసలమ్మ తలుపు తీసి" అన్న దగ్గర అమ్మ గొంతు తెగి, "అని అడిగింది" దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఏమని అడిగిందో అమ్మకు గుర్తు రాలేదు, మా అమ్మాయి మాత్రం తడుముకోకుండా చెప్పింది. ఆ వాక్యాన్ని, అది పడవలసిన నిమిషాన్ని, సెకనును ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి, రెండు డిస్కుల్లోనూ ఆ రికార్డింగు పక్కనే పెట్టాను.