దిండ్ల లెక్క

నాన్నకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాక, ఇంట్లో నేను ముందుగా నేర్చుకున్నది దిండ్ల లెక్క. తల కింద దిండు కాక ఇంకో మూడు దిండ్లు, రెండు తువ్వాళ్లు, నడుము కింద అడ్డంగా పరిచే పాత పంచె ఒకటి కావాలి.

పడిన వైపుకు ఒత్తిగిలించకూడదని అందరూ భయపెడతారు. ఒత్తిగిలించవచ్చు. ఆ పక్కకు స్పర్శ తెలుస్తుంది, మంచి చెయ్యి ఖాళీగా ఉంటుంది. చెయ్యి మాత్రం ఒంటి కింద నలగకూడదు. తిప్పేముందే దాన్ని ఎడంగా జరిపి, తిప్పాక వీపు మీది రెక్క ఎముక కింద నా అరచెయ్యి పోనిచ్చి భుజాన్ని ముందుకు తెస్తాను. చేతిని పట్టుకుని మాత్రం లాగను. వీపు వెనక దిండు పెట్టి కాస్త వెనక్కి ఒరగనిస్తాను. నిలువునా పక్క మీదే ఉంచితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది.

మంచి వైపుకు తిప్పితే ఛాతీ ముందు దిండు, దాని మీద భుజం నుంచి వేళ్లదాకా ఎడమ చెయ్యి. మణికట్టు అంచున వేలాడితే సాయంత్రానికి చెయ్యి వాస్తుంది. మడిచిన ఎడమ కాలికి పాదంతో సహా మరో దిండు.

వెల్లకిలా తక్కువసేపే. పాదం బయటికి ఒరగకుండా తుంటి పక్కన తువ్వాలు చుట్ట, మడమలు ఆనకుండా పిక్కల కింద పల్చటి దిండు. మోకాలి కిందే దిండు పెట్టి గంటలు గంటలు వదిలేస్తే మోకాలు మడతలోనే బిగుసుకుపోతుంది.

పుండ్లు పడకుండా గాలి పరుపు (ఎయిర్ బెడ్) కొన్నాం కదా అని తిప్పడం మానకూడదు. రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. తిప్పినప్పుడల్లా తోక ఎముక, మడమలు చూస్తాను. ఎర్రమచ్చను వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ నూనె రాసి రుద్దకూడదు, బరువు ఆననివ్వకూడదు. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు, వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తడిమి చూడాలి.

పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగడం అందరూ చేసే తప్పు. పట్టు తప్పిన భుజం కీలు అలాగే జారుతుంది. పంచె రెండంచులూ ఇద్దరం చెరోవైపు పట్టి, ఎత్తి జరుపుతాం. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది.

ముక్కు గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతాను, అయ్యాక కనీసం అరగంట దించను. పోసేముందు ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు జరిగిందేమో చూస్తాను. జరిగితే చుక్క కూడా పోయకుండా నర్సుకు ఫోన్ చేస్తాను.